షరియత్ సంస్కరణలో ఏ దారి నిలబడింది? ఈజిప్టు నుంచి మన 1939 చట్టం దాకా

ప్రశ్న: న్యాయపథం

ముస్లిం కుటుంబ చట్టాల మీద తెలుగులో జరిగే చర్చ ఎప్పుడూ రెండు మాటల దగ్గరే ఆగిపోతోంది. షరియత్ దైవదత్తం, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని ఒక పక్షం. ట్యునీషియా ఒక్క కలంపోటుతో బహుభార్యత్వం తీసేసింది, మిగతావాళ్ళకేం అడ్డం అని రెండో పక్షం. వంద, నూట యాభై ఏళ్ళుగా ముస్లిం దేశాలు ఈ పని ఎలా చేస్తూ వచ్చాయో మాత్రం ఎవరూ చెప్పరు.

తఖయ్యుర్, తల్ఫీఖ్, ఇజ్తిహాద్ (మూలాల నుంచి స్వతంత్రంగా అర్థం తీయటం), మఖాసిద్ (షరియత్ లక్ష్యాలు) అనే పేర్లు చదివాను. తెలియాల్సింది వాటి నిర్వచనాలు కాదు. చట్టం రాసేటప్పుడు ఒక్కో పద్ధతిని ఎలా వాడారు? ఏది కోర్టులో నిలబడింది? ఏది కాగితానికే పరిమితమైంది, ఎందుకు? మన 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టం వీటిలో ఏ కోవలోకి వస్తుంది? సెక్షన్లతో, సంవత్సరాలతో చెప్పగలిగినవాళ్ళు చెప్పండి. దూషణలు వద్దు, ఏ వైపువైనా.

జవాబు 1: ఫిఖ్ విద్యార్థి

మీరు చెప్పిన నాలుగూ ఒక వరసలో పెట్టదగ్గవి కావు. తఖయ్యుర్, తల్ఫీఖ్ చట్టం రాసేవాళ్ళ పనిముట్లు. మఖాసిద్ వాదన. వీటన్నిటికంటే ఎక్కువ పని చేసింది మీ జాబితాలో లేదు. దాన్ని సియాసా షరయీయా అంటారు. అంటే ధర్మసూత్రం జోలికి పోకుండా కోర్టు అధికార పరిధినీ, రుజువు నియమాలనీ పాలకుడు మార్చటం. ఖాజీ పాలకుడి తరఫున తీర్పు చెప్పేవాడు కాబట్టి, ఏ దావా వినాలో ఏది వినకూడదో నిర్ణయించే హక్కు పాలకుడికి ఉందని పాత ఫిఖ్ (ఇస్లామీయ న్యాయశాస్త్రం) కూడా ఒప్పుకుంటుంది. అందుకే ఉలమా (మత పండితుల) నుంచి తక్కువ ప్రతిఘటన వచ్చేది ఈ దారికే.

ఈజిప్టు 1931లో తెచ్చిన 78వ నంబరు చట్టం చూడండి. బాల్యవివాహం చెల్లదని అది ఎక్కడా అనలేదు. దావా నాటికి భార్యకు 16, భర్తకు 18 ఏళ్ళు నిండకపోతే ఆ పెళ్ళి తాలూకు దావా కోర్టు వినదంది. అవతలి పక్షం పెళ్ళే జరగలేదంటే అధికారిక పత్రం చూపించాల్సిందే అంది. పెళ్ళి మతపరంగా చెల్లుతుంది, కోర్టు తలుపు మాత్రం తెరుచుకోదు.

లోపం కూడా అక్కడే ఉంది. రిజిస్టరు లేకుండా, చేతిరాత కాగితంతో జరిగే ఉర్ఫీ పెళ్ళిళ్ళు ఆగలేదు. భర్త కాదంటే ఆ స్త్రీకి భరణం రాదు, వారసత్వం రాదు. అంతకన్నా ఘోరం, విడాకులు అడగటానికీ వీల్లేదు, ఎందుకంటే అదీ పెళ్ళి ఉందని చెప్పే దావాయే. మతం ప్రకారం భార్య, కోర్టు ప్రకారం ఎవరూ కాదు, ఇంకో పెళ్ళికి వీల్లేదు. 2000లో వచ్చిన 1వ నంబరు చట్టం 17వ అధికరణ దీనికి సందు తెరిచింది: ఏదో ఒక రాతపూర్వక ఆధారం ఉంటే, విడాకుల వరకు దావా వింటారు. 1931 నుంచి 2000 దాకా, అంటే 69 ఏళ్ళు, ఆ స్త్రీలు ఇరుక్కుపోయే ఉన్నారు.

తఖయ్యుర్ అంటే నాలుగు సున్నీ మజ్‌హబ్‌లలో (హనఫీ, మాలికీ లాంటి న్యాయ సంప్రదాయాల్లో) అనుకూలమైన సూత్రాన్ని ఏరుకోవటం. దీనికి మన 1939 చట్టాన్ని మించిన ఉదాహరణ లేదు. హనఫీ ఫిఖ్‌లో భార్య కోర్టుకెళ్ళి పెళ్ళి రద్దు చేయించుకునే కారణాలు చాలా కొద్ది. కనిపించకుండా పోయిన భర్త కోసం అతని ఈడువాళ్ళంతా చనిపోయేంత కాలం ఎదురు చూడాలి. భరణం ఇవ్వకపోవటం రద్దుకు కారణమే కాదు. పైగా బ్రిటిష్ ఇండియా కోర్టులు మతం మారితే పెళ్ళి రద్దయినట్టే అనేవి. దాంతో, ముఖ్యంగా పంజాబులో, కొందరు స్త్రీలు భర్త నుంచి బయటపడటానికి మతం మారారు. ఇది చూసి కదిలిన మనిషి దేవ్‌బంద్ పండితుడు అష్రఫ్ అలీ థానవీ. ఆయన మదీనాలోని మాలికీ పండితులకు ఉత్తరాలు రాసి, ఫత్వాలు తెప్పించి, అవసరం తోసుకొస్తే హనఫీలు ఈ విషయాల్లో మాలికీ సూత్రం పాటించవచ్చని 1930ల మొదట్లో వివరంగా రాశారు. మజ్‌హబ్ పట్ల అంత నిష్ఠ ఉన్న మనిషి ఆ పని చెయ్యటం వల్లే శాసనసభలో బిల్లుకు దారి ఏర్పడింది.

చట్టం సెక్షన్ 2లో కారణాలు అన్నీ ఉన్నాయి: నాలుగేళ్ళు ఆచూకీ లేకపోవటం, రెండేళ్ళు భరణం ఇవ్వకపోవటం, ఏడేళ్ళు లేదా అంతకు మించి జైలు శిక్ష, మూడేళ్ళు కాపురం చెయ్యకపోవటం, క్రూరత్వం వగైరా. మతం మారినంత మాత్రాన పెళ్ళి రద్దు కాదని సెక్షన్ 4 చెప్పింది. ఇందులో ఒక కోత పడింది. థానవీ పథకంలో ముస్లిం న్యాయమూర్తి తప్పనిసరి. అలాంటివాడు లేనిచోట మాలికీ పద్ధతిలో భక్తిపరులైన ముస్లింల పంచాయితీ. బిల్లులో ఉన్న ముస్లిం న్యాయమూర్తి నిబంధన శాసనసభ చర్చలో పోయింది. అందుకే చాలామంది ఉలమా దృష్టిలో ముస్లిమేతర న్యాయమూర్తి ఇచ్చిన రద్దు మతపరంగా అసంపూర్ణం. ఇవాళ్టికీ కోర్టు డిక్రీ చేతిలో పెట్టుకుని కూడా దారుల్ ఖజా (షరియత్ పంచాయితీ) గుమ్మం ఎక్కే స్త్రీలు ఉండటానికి మూలం ఇదే. సూత్రం ఎంత బాగా ఏరుకున్నా, దాన్ని అమలుచేసే చెయ్యి ఎవరిదన్న ప్రశ్న వదిలేస్తే సమస్య ఇంకో రూపంలో తిరిగొస్తుంది.

జవాబు 2: వాటాల లెక్క

పై జవాబులో తల్ఫీఖ్ రాలేదు కాబట్టి నేను అందుకుంటాను. వేర్వేరు పండితుల అభిప్రాయాల్లోంచి తలా ఒక ముక్క తీసి, ఎవరూ పూర్తిగా చెప్పని కొత్త సూత్రం కట్టడం తల్ఫీఖ్. తండ్రిని పోగొట్టుకున్న మనవల వారసత్వంలో దీన్ని చక్కగా చూడొచ్చు.

సున్నీ సూత్రంలో బతికున్న కొడుకు ఉంటే, ముందే చనిపోయిన కొడుకు పిల్లలకు ఏమీ రాదు. తాత ఆస్తి 12 లక్షలు, బతికున్న కొడుకు ఒకడు, చనిపోయిన కొడుకుకి ఒక బాబు అనుకోండి. మొత్తం 12 లక్షలూ బాబాయికే.

ఈజిప్టు 1946లో, 71వ నంబరు చట్టంతో, వారసత్వ సూత్రాన్ని కదపకుండా తప్పనిసరి వసీయత్ (వీలునామా) తెచ్చింది. తాత వీలునామా రాయకపోయినా రాసినట్టే కోర్టు భావిస్తుంది. మనవడికి వచ్చేది తండ్రి బతికుంటే వచ్చే వాటా, అయితే మూడో వంతుకు మించకూడదు. తండ్రి వాటా 6 లక్షలు, మూడో వంతు 4 లక్షలు, కాబట్టి మనవడికి 4, బాబాయికి 8. ఆధారం ఖురాన్ 2:180లోని వసీయత్ ఆయత్ (వాక్యం). వారసత్వ ఆయత్‌లు వచ్చాక దాని ఆదేశం రద్దయిందని ఎక్కువమంది పండితుల మాట. వారసులు కాని బంధువుల విషయంలో అది విధిగా మిగిలే ఉందన్నాడు అండలూసియా పండితుడు ఇబ్న్ హజ్మ్. ఈజిప్టు ఆయన దగ్గర విధి అన్న ముక్క తీసుకుంది. ఎవరికి, ఎంత అన్నది తనే చేర్చింది. మూడో వంతు హద్దు వీలునామాల మామూలు సూత్రం. అతుకుల పనే, కానీ ప్రతి అతుకుకీ ఒక పేరు చెప్పగలరు. సిరియా, మొరాకో లాంటి దేశాలు తమ మార్పులతో దీన్నే తీసుకున్నాయి.

పాకిస్తాన్ 1961 ముస్లిం ఫ్యామిలీ లాస్ ఆర్డినెన్స్ సెక్షన్ 4లో నేరుగా వెళ్ళింది: చనిపోయిన కొడుకు లేదా కూతురు బతికుంటే ఎంత వచ్చేదో, అది వాళ్ళ పిల్లలకు. పై లెక్కలో ఆరు, ఆరు. చూడటానికి ఇదే న్యాయంగా ఉంటుంది. ఇప్పుడు లెక్క కొంచెం మార్చండి. బతికున్నది ఒక కూతురు, చనిపోయిన కొడుక్కి ఒక కూతురు, ఇంకే వారసులూ లేరు. పాత సూత్రంలో కూతురికి సగం, కొడుకు కూతురికి ఆరో వంతు, మిగిలింది అదే నిష్పత్తిలో రద్ద్‌గా తిరిగి వాళ్ళకే. అంటే 9 లక్షలు, 3 లక్షలు. సెక్షన్ 4ని అక్షరాలా చదివితే కొడుకు ఉన్నట్టు ఊహించాలి, అతనికి 8, కూతురికి 4. ఆ 8 లక్షలూ మనవరాలికి. సొంత కూతురికి మనవరాలి వాటాలో సగం! అనాథ మనవల్ని కాపాడాలని రాసిన సెక్షన్ కూతురి వాటాని 9 నుంచి 4కి దించింది. ఈజిప్టు చట్టంలో ఈ చిక్కు రాదు, ఎందుకంటే అక్కడ తప్పనిసరి వసీయత్ వారసత్వం దక్కని మనవలకే, ఈ మనవరాలు ఎలాగూ వారసురాలే.

వారసత్వంలో ఒక్క వాటా కదిపితే మిగతావన్నీ కదులుతాయి. ముసాయిదా రాసేవాళ్ళు కనీసం పది పన్నెండు కుటుంబ నమూనాలు వేసి, ప్రతిదానికీ పాత లెక్క, కొత్త లెక్క పక్కపక్కన పెట్టి చూడాలి. 1961లో ఆ పని చేసి ఉంటే ఇది ఇట్టే దొరికేది. పాకిస్తాన్ ఫెడరల్ షరియత్ కోర్టు 2000లో సెక్షన్ 4 ఇస్లాంకి విరుద్ధమని కూడా అంది. మొత్తం కొడుకులాగే వాటా ఇవ్వటం అనే రూపం దాడికి ఎంత తేలికగా దొరికిందో గమనించండి.

అదే ఆర్డినెన్స్ సెక్షన్ 7 ఇంకా బాధ పెట్టింది. తలాఖ్ చెప్పిన భర్త యూనియన్ కౌన్సిల్ ఛైర్మన్‌కి నోటీసు ఇవ్వాలి, 90 రోజుల తరవాతే అది అమల్లోకి వస్తుంది. ఉద్దేశం మంచిదే. భర్త నోటీసు ఇవ్వకపోతే? అతనికి జరిగేది కొద్దిపాటి శిక్ష, అదీ ఎవరైనా పట్టించుకుంటే. ఇక ఆమె తలాఖ్ అయిందనుకుని మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, 1979 జినా ఆర్డినెన్స్ వచ్చాక, మొదటి భర్త వెళ్ళి మా పెళ్ళి ఇంకా ఉంది, ఈమె చేస్తున్నది వ్యభిచారం అని కేసు పెట్టగలిగాడు. కాగితం ఇవ్వాల్సిన బాధ్యత అతనిది, జైలు భయం ఆమెది. నోటీసు నియమం రాసే ఎవరైనా ముందు అడగాల్సిన ప్రశ్న: ఇవ్వనివాడి తప్పు ఎవరి నెత్తిన పడుతుంది?

న్యాయపథం

ఇద్దరికీ ధన్యవాదాలు. ఆ తొమ్మిది, నాలుగు లక్షల లెక్క కళ్ళు తెరిపించింది. కానీ ఇవన్నీ చాటుదారులే కదా. ట్యునీషియా ఏ చాటూ లేకుండా నేరుగా నిషేధించి ఇన్నేళ్ళు నిలబెట్టుకుంది. అలాంటప్పుడు ఈ జాగ్రత్తలన్నీ పిరికితనం అవ్వవా?

జవాబు 3: మగ్రిబ్ దారి

ట్యునీషియా నేరుగా వెళ్ళింది నిజమే. కానీ ఖురాన్‌ని పక్కనపెట్టి వెళ్ళలేదు. నలుగురి దాకా పెళ్ళాడవచ్చన్న 4:3 ఆయత్‌లోనే, న్యాయం చెయ్యలేమని భయపడితే ఒక్కరే అని ఉంది. ఎంత ఆశపడినా భార్యల మధ్య న్యాయం చెయ్యలేరని 4:129 అంటోంది. రెండూ కలిపి చదివితే షరతు తీరేది కాదు కాబట్టి అనుమతి నిలవదని వాళ్ళ వాదన. పూర్వ వ్యాఖ్యాతలు 4:129 ని మనసులోని ప్రేమకి వర్తింపజేసి, 4:3 లోని న్యాయం తిండి, బట్ట, రాత్రుల పంపకం గురించి అన్నారు. ఆ విభజనను ఒప్పుకోకపోవటమే ఇక్కడ ఇజ్తిహాద్.

చట్టం 1956 ఆగస్టు 13న వచ్చింది. అంతకుముందు మార్చి 20నే దేశానికి స్వాతంత్ర్యం. 18వ అధికరణ: బహుభార్యత్వం నిషేధం, అతిక్రమిస్తే ఏడాది జైలు, 2,40,000 ఫ్రాంకుల జరిమానా. 30వ అధికరణ: కోర్టు బయట విడాకులు లేవు. అది నిలబడటానికి కారణం వాదన బలం ఒక్కటే కాదు. అదే ఏడాది షరియత్ కోర్టుల్ని సాధారణ కోర్టుల్లో కలిపేశారు. మరుసటి ఏడాది పౌర నమోదు చట్టంతో పెళ్ళి రుజువుని అధికారిక పత్రానికి కట్టేశారు. ప్రధాని బుర్గీబాకు ఎదురులేని రాజకీయ బలం ఉంది, జైతూనా మసీదు-విద్యాలయం ఉలమాకి విడిగా నిలబడే సంస్థ మిగల్లేదు. ఆ పరిస్థితులు లేనిచోట 18వ అధికరణను మాత్రం నకలు తీసుకుంటే అది బతకదు.

అంత బలమున్న ట్యునీషియా కూడా వారసత్వం దగ్గర జాగ్రత్తగా నడిచింది. 1959లో చేర్చిన 143 బిస్ అధికరణ కొడుకు కూతుళ్ళ 2:1 ని ముట్టలేదు. కూతురు ఒక్కతే ఉంటే, పాత సున్నీ లెక్కలో సగం ఆమెకు, మిగతా సగం బాబాయికి. ఇప్పుడు ఆ సగం కూడా రద్ద్‌గా కూతురికే. షియా ఫిఖ్‌లో ఉన్న ఫలితమే ఇది. 2018లో అధ్యక్షుడు ఎసెబ్సీ సమాన వారసత్వ బిల్లు తెచ్చారు, పార్లమెంటులో అది గట్టెక్కలేదు.

ఇరాక్ సంగతి కూడా తెలుసుకోవాలి. 1959లో 188వ నంబరు చట్టం వారసత్వంలో స్త్రీ పురుషులకు ఒకే వాటా ఇచ్చింది. ప్రభుత్వం మారింది, 1963లో ఆ భాగం ఎగిరిపోయింది.

మొరాకోది మూడో దారి. 1992లో మహిళా సంఘాలు పది లక్షల సంతకాల ఉద్యమం నడిపాయి, 1993లో చిన్న సవరణలు వచ్చాయి. 2000 మార్చిలో రబాత్‌లో అనుకూలంగా, కాసాబ్లాంకాలో వ్యతిరేకంగా ఒకే రోజు భారీ ఊరేగింపులు జరిగాయి. 2001లో రాజు కమిషన్ వేశాడు, 2004లో కొత్త ముదవ్వనా (కుటుంబ చట్టం) పార్లమెంటులోనే నెగ్గింది. బహుభార్యత్వం నిషేధించలేదు. జడ్జి అనుమతి కావాలన్నారు, అసాధారణ కారణం చూపాలన్నారు, రెండు కాపురాలూ పోషించగలనని నిరూపించాలన్నారు, మొదటి భార్య పెళ్ళినాడే వద్దని షరతు రాయించుకుంటే అనుమతి లేనే లేదన్నారు. ఏకాభిప్రాయంతో వచ్చింది కాబట్టి నిలబడింది.

కానీ కారింది రెండు చోట్ల. పెళ్ళి వయసు 18 అని చెప్పి, 20వ అధికరణలో జడ్జి కారణాలు రాసి మినహాయించవచ్చన్నారు. వచ్చిన దరఖాస్తుల్లో అత్యధిక భాగానికి జడ్జిలు సరే అన్నారు. రెండోది 16వ అధికరణ. పల్లెల్లో కాగితం లేకుండా జరిగిన పాత పెళ్ళిళ్ళని గుర్తించటానికి ఐదేళ్ళ గడువు పెట్టారు, పొడిగిస్తూ 2019 దాకా నడిపారు. జడ్జి అనుమతి దొరకనివాడు ఫాతిహా (ఖురాన్ మొదటి అధ్యాయం) చదివించి పెళ్ళి చేసుకునేవాడు, బిడ్డ పుట్టాక ఆ అధికరణ కిందే గుర్తింపు అడిగేవాడు. బిడ్డ మొహం చూసి జడ్జి కాదనలేకపోయేవాడు. అలా రెండో పెళ్ళిళ్ళూ, మైనర్ పెళ్ళిళ్ళూ లోపలికొచ్చాయి. జాలితో పెట్టిన మినహాయింపుకి గట్టి ఆఖరు తేదీ, పిల్లల వంశ గుర్తింపుకి వేరే దారి ఉండి తీరాలి. రెండూ కలిపేస్తే బిడ్డని అడ్డం పెట్టుకుని పెళ్ళిని చట్టబద్ధం చేయించుకుంటారు.

పిరికితనం అన్న మాట నేను ఒప్పుకోను. ముదవ్వనాలో 94 నుంచి 97 దాకా అధికరణలు చూడండి: శిఖాఖ్, అంటే పొసగకపోవటం అనే ఒక్క కారణంతో భార్య విడాకులు అడగవచ్చు, ఆరు నెలల్లో తేల్చాలి. హాని జరిగిందని సాక్షులతో నిరూపించే భారం పోయింది. పెద్దగా ప్రచారం లేని ఈ నాలుగు అధికరణలే కోర్టుల్లో అన్నిటికంటే ఎక్కువ వాడకంలోకి వచ్చాయి.

జవాబు 4: ఫిఖ్ విద్యార్థి

శిఖాఖ్ మాట వచ్చింది కాబట్టి ఈజిప్టు ఖులా (భార్య కోరే విడాకులు) కూడా చెప్పాలి. 2000 నాటి చట్టమే, 20వ అధికరణ. భార్య తీసుకున్న మహర్ (పెళ్ళిలో భర్త ఇచ్చే సొమ్ము) వాపసు ఇచ్చి, తన ఆర్థిక హక్కులు వదులుకుంటే, మూడు నెలలకు మించని రాజీ ప్రయత్నం తరవాత భర్త ఒప్పుకోకపోయినా కోర్టు ఖులా ఇస్తుంది. అప్పీలు లేదు. పిల్లల సంరక్షణనీ, వాళ్ళ భరణాన్నీ బేరంలో పెట్టకూడదు. ప్రవక్త కాలంలో సాబిత్ బిన్ ఖైస్ భార్య తోట వాపసు ఇచ్చి విడిపోయిన హదీసు దీనికి ఆధారం. చిక్కల్లా మహర్ అంకె దగ్గరే. పన్ను, ఫీజుల కోసం పెళ్ళి పత్రంలో తక్కువ రాస్తారు, విడిపోయేటప్పుడు నిజంగా ఇచ్చింది ఇంకా చాలా ఎక్కువంటాడు భర్త.

చట్టం చేసే విధానం కూడా దాని ఆయుష్షు నిర్ణయిస్తుంది. 1979లో ఈజిప్టు అధ్యక్షుడు సాదాత్, పార్లమెంటు లేనప్పుడు, అత్యవసర అధికారంతో 44వ నంబరు చట్టం తెచ్చాడు. భర్త రెండో పెళ్ళి చేసుకోవటమే మొదటి భార్యకి హాని అని, వేరే రుజువు లేకుండా విడాకులు ఇవ్వొచ్చని అందులో ఉంది. అత్యవసరం ఏదీ లేదని 1985లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. వెంటనే తెచ్చిన 100వ నంబరు చట్టంలో హాని తనే నిరూపించుకోవాలి, అదీ రెండో పెళ్ళి సంగతి తెలిసిన ఏడాదిలోపు. తొందరపాటు ఖరీదు ఆ స్త్రీలు కట్టారు.

1993లో అదే కోర్టు ఒక కొలబద్ద ఇచ్చింది: మూలమూ అర్థమూ నిస్సందేహమైన, అంటే ఖతయీ అయిన ఆజ్ఞల్ని శాసనసభ దాటకూడదు; మిగతా జన్నీ, అంటే భిన్నార్థాలకు వీలున్న, విషయాల్లో, పూర్వపు పండితుల మాటకి కట్టుబడకుండా, కాలానికి తగ్గట్టు ఇజ్తిహాద్ చెయ్యొచ్చు. నా దృష్టిలో మఖాసిద్ వాదన పనికొచ్చేది ఈ రెండో గదిలోనే. సంక్షేమం కోసం అని పేరు చెప్పి దేన్నైనా మార్చవచ్చంటే, రేపు ఇంకో ప్రభుత్వం అదే పేరుతో వెనక్కి తిప్పుతుంది.

జవాబు 5: నిఖానామా

మన దేశం సంగతి మిగిలిపోయింది.

మూడు తలాఖ్‌ల విషయంలో ఈజిప్టు 1929లోనే 25వ నంబరు చట్టం 3వ అధికరణతో, అంకె చేర్చి చెప్పినా అది ఒక్క తలాఖే అంది. మధ్యయుగ పండితుడు ఇబ్న్ తైమియా అభిప్రాయం అది. భర్తకి ఇద్దత్‌లోపు (విడాకుల తరవాత వేచి ఉండే గడువులోపు) వెనక్కి తీసుకునే వీలుంటుంది, జైలు మాట లేదు. మన సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 22న 3:2 తో ఒకేసారి మూడు తలాఖ్‌లు చెప్పే పద్ధతిని కొట్టేసింది, 2019 చట్టం మూడేళ్ళ దాకా జైలు పెట్టింది. ఆ తలాఖ్ శూన్యం కాబట్టి పెళ్ళి అలాగే ఉంటుంది, భర్త లోపల ఉంటాడు, సెక్షన్ 5 కింద జీవనభృతి ఇవ్వాల్సింది కూడా అతనే. నెలకొకటి చొప్పున మూడు నెలలు చెప్పే తలాఖ్-ఎ-హసన్ ఈ చట్టం పరిధిలోకి రాదు. కాబట్టి మగవాడి ఏకపక్ష హక్కు మీద తీర్పు ఇంకా జరగలేదు. నేను శిక్షకు వ్యతిరేకం కాదు, కానీ ఫలితం చూస్తే 1929 దారే ఆమెకి ఎక్కువ ఉపయోగం అనిపిస్తుంది.

భరణం: ముస్లిం మహిళల విడాకుల హక్కుల 1986 చట్టంలో ఇద్దత్‌లోపు న్యాయమైన ఏర్పాటు చెయ్యాలన్న మాటను సుప్రీంకోర్టు 2001లో, డానియల్ లతీఫీ కేసులో, ఆ గడువులోపే ఆమె భవిష్యత్తు అంతటికీ సరిపడా ఇవ్వాలని చదివింది. తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులో 2024 జులై 10న, విడాకులైన ముస్లిం స్త్రీ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 125 కింద కూడా అడగవచ్చని తేల్చింది. రెండు దారులూ ఉన్నాయి. ఒక్కసారి పెద్ద మొత్తం కావాలంటే 1986 చట్టం, నెలనెలా కావాలంటే 125 (ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 144).

ఖులా: 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు, భార్య ఖులా హక్కుకి భర్త సమ్మతి అక్కర్లేదంది. ఫ్యామిలీ కోర్టు చూడాల్సింది ఖులా కోరిందా, రాజీకి ప్రయత్నం జరిగిందా, మహర్ వాపసు ఇస్తానందా అన్నంత వరకే. ముఫ్తీ ఇచ్చే ఖులానామా సలహా మాత్రమే, కోర్టు ముద్ర కాదు. పాస్‌పోర్టు దగ్గర, మళ్ళీ పెళ్ళి దగ్గర ఇబ్బంది రాకూడదంటే ఫ్యామిలీ కోర్టు డిక్లరేషన్ తీసుకోవాలి.

చివరిగా, ఏ శాసనసభా అక్కర్లేని పని ఒకటుంది. తఫ్వీజ్, అంటే తలాఖ్ హక్కుని భర్త భార్యకి అప్పగించటం, హనఫీ ఫిఖ్‌లోనే పూర్తిగా చెల్లుతుంది. రెండో పెళ్ళి చేసుకుంటే, ఇన్ని నెలలు భరణం ఆపితే, చెయ్యి చేసుకుంటే ఆమె తనకి తాను తలాఖ్ ఇచ్చుకోవచ్చని నిఖానామాలో (పెళ్ళి పత్రంలో) రాయించుకోవచ్చు. పాకిస్తాన్ నిఖానామా ఫారంలో 18వ గడి దీని కోసమే ఉంది. అయితే పెళ్ళి హడావుడిలో రిజిస్ట్రారే ఆ గడిని అడ్డంగా కొట్టేసే అలవాటు అక్కడ బాగా ఉంది, పెద్దలు కూడా శుభమా అని పెళ్ళి జరుగుతుంటే తలాఖ్ మాటేమిటంటారు. షరతులు నిఖా రోజుకి వదలకండి. మహర్ మాట్లాడే రోజే, ఇద్దరు సాక్షుల ముందు, విడి కాగితం మీద రాసి, ఏ సంఘటన జరిగితే హక్కు వస్తుందో, అది ఒక్కసారికా ఎప్పటికీనా అన్నది స్పష్టంగా పెట్టి, నిఖానామాలో ఆ కాగితం ప్రస్తావన వేయించండి. "ఎప్పుడైనా" అన్న మాట లేకపోతే హక్కు ఆ కూర్చున్న సభతోనే ముగిసిపోయిందని హనఫీ వాదన వస్తుంది.